కొలిజన్ ఏ పోర్టులో ఉందో చూపించే స్విచ్: టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ105ఈ

కంప్యూటర్లనూ ఇతర పరికరాలనూ వైర్లతో కలిపే పెట్టె స్విచ్. ఐదు పోర్టుల గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) స్విచ్ కావాలని షాపులో అడిగితే రెండు రకాలు ముందు పెడతారు. ఒకటి వైర్లు గుచ్చి మర్చిపోయేది. రెండోది చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, బ్రౌజర్‌లో తెరిచి ఏ పోర్టులో ఏం జరుగుతోందో చూసుకోవచ్చు. టీఎల్-ఎస్‌జీ105ఈ రెండో రకం. ధర కొంచెం ఎక్కువ. ఇంట్లో టీవీకీ ల్యాప్‌టాప్‌కీ అయితే ఆ ఎక్కువ పెట్టడం దండగే, మొదటి రకం చాలు. పాత హబ్బు, కెమెరాల వీడియో దాచే డీవీఆర్, వేలిముద్ర హాజరు యంత్రం, ఫైబర్‌ను మామూలు వైరుకు కలపడానికి కేబుల్ ఆపరేటర్ బిగించిన మీడియా కన్వర్టర్, మూడు తరాల కంప్యూటర్లు కలగాపులగంగా ఉన్న ఆఫీసులో "బిల్లు సేవ్ అవడానికి ఇంతసేపా" అని రోజూ గొడవ జరుగుతుంటే మాత్రం ఈ పెట్టె పనికొస్తుంది. ఆ ఒక్క పనికి ఇది ఎంతవరకు సరిపోతుందన్నదే ఈ సమీక్ష.

ముందు ఆలస్యం ఎక్కడ పుడుతుందో చూద్దాం. అది తెలియకుండా స్విచ్ కొంటే పుండు ఒకచోట, మందు ఒకచోట అవుతుంది.

1973లో జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈథర్నెట్‌లో (కంప్యూటర్లను వైర్లతో కలిపే పద్ధతి ఇదే) అందరికీ కలిపి ఒకటే తీగ. హబ్బు కూడా అంతే: పెట్టె లోపల ఒకే తీగ ఉన్నట్టు లెక్క. ఎవరైనా పంపాలంటే ముందు తీగ ఖాళీగా ఉందో లేదో వింటారు, ఉంటే పంపుతారు. ఇద్దరూ ఒకేసారి విని, ఒకేసారి మొదలుపెడితే రెండు సిగ్నళ్లూ ఢీకొని రెండు ఫ్రేములూ (ఒక్కసారి పంపే డేటా ముక్కలు) పాడవుతాయి. అదే కొలిజన్. పసిగట్టిన నెట్‌వర్క్ కార్డు, ఢీకొన్న సంగతి అందరికీ తెలిసేలా 32 బిట్ల జామ్ సిగ్నల్ వదిలి, ఆగి, కాసేపు ఎదురుచూసి మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఆ 'కాసేపు' ఎంతన్నదే అసలు విషయం. సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్నెట్‌లో దీనికి కొలమానం స్లాట్ టైమ్: 512 బిట్లు పంపే కాలం, అంటే 51.2 మైక్రోసెకన్లు. మొదటిసారి ఢీకొంటే సున్నా లేదా ఒక స్లాట్ ఆగాలి. ఆ రెండింటిలో ఏది అన్నది కార్డు లాటరీ వేసుకుంటుంది. రెండోసారి ఢీకొంటే 0 నుంచి 3 వరకు, మూడోసారి 0 నుంచి 7 వరకు. ఇలా రెట్టింపవుతూ పదోసారికి 0 నుంచి 1023 స్లాట్ల వరకు వెళ్తుంది, అక్కడి నుంచి పెరగదు. 1023 స్లాట్లంటే 52.4 మిల్లీసెకన్లు. పదహారు ప్రయత్నాలూ విఫలమైతే కార్డు ఆ ఫ్రేమును వదిలేస్తుంది. మధ్యలోని పదిహేను నిరీక్షణల్లోనూ దురదృష్టం కొద్దీ పెద్ద అంకే పడిందనుకుంటే మొత్తం 7151 స్లాట్లు, సుమారు 0.37 సెకను. సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర స్లాట్ 5.12 మైక్రోసెకన్లే కాబట్టి ఇవన్నీ పదో వంతు.

ఇంకో చిక్కు. ఢీకొన్న ఇద్దరిలో గెలిచినవాడు ఫ్రేము పంపేసి, తర్వాతి ఫ్రేముకు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఓడినవాడి లెక్క అప్పటికే పెరిగి ఉంటుంది. రెండోసారి ఢీకొన్నా ఓడినవాడే ఎక్కువసేపు ఆగే అవకాశం ఎక్కువ. పెద్ద ఫైలు కాపీ చేస్తున్న యంత్రం తీగను గుత్తకు తీసుకున్నట్టు కూర్చుంటే, పక్క సీటులో రెండు కిలోబైట్ల బిల్లు ఆగిపోయేది ఇందుకే.

అలాగని హబ్బు ఉన్నచోటల్లా నెమ్మదికి కొలిజనే కారణం అనడం కూడా తప్పు. ఈథర్నెట్ 37 శాతం నిండగానే చతికిలబడుతుందని ఒకప్పుడు చాలామంది నమ్మారు. 1988లో కంప్యూటర్ల తయారీ సంస్థ డెక్ పరిశోధకులు నిజమైన నెట్‌వర్క్ మీద కొలిచి అది అపోహేనని చూపించారు. పెద్ద ఫ్రేములైతే తీగలో అధిక భాగం వాడుకోవచ్చు. మామూలు కొలిజన్ లోపం కాదు, ఆ పద్ధతిలో భాగం. దాని ఖర్చు సాధారణంగా మైక్రోసెకన్లలో ఉంటుంది. మనిషికి తెలిసేంత ఆలస్యం ఎక్కువగా వచ్చేది లేట్ కొలిజన్ వల్ల. దాని సంగతి కాసేపట్లో.

స్విచ్ ఏం చేస్తుందంటే, ఒక్కో పోర్టును ఒక్కో విడి తీగగా మార్చేస్తుంది. 1990లో కల్పనా అనే కంపెనీ మొదటి ఈథర్నెట్ స్విచ్ తెచ్చింది. (పేరు చూసి మనవాళ్ల కంపెనీయే అనుకుంటే తప్పు కాదు, స్థాపించినవాళ్లలో భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ ఉన్నారు.) 1997లో ఫుల్ డూప్లెక్స్ ప్రమాణాల్లోకి వచ్చింది: పంపే జత వేరు, అందుకునే జత వేరు, రెండూ ఒకేసారి నడుస్తాయి. ఇక ఢీకొనడానికి ఎదురు వచ్చేవాడే లేడు. కాబట్టి ఈ స్విచ్‌లో ఐదు పోర్టులూ ఫుల్ డూప్లెక్స్‌లో ఉంటే కొలిజన్లు సున్నా. తక్కువ కావడం కాదు, అసలు ఉండవు. ఈ మాట ఏ చవక స్విచ్‌కైనా వర్తిస్తుంది, ఇందులో దీని గొప్ప ఏమీ లేదు.

దీని విలువ తెలిసేది ఏదో ఒక పోర్టు ఫుల్ డూప్లెక్స్‌లోకి రాకుండా ఉన్నప్పుడు.

రెండు పరికరాలకు వైరు కలపగానే ఆటో నెగోషియేషన్ జరుగుతుంది: నాకు ఇంత స్పీడు చేతనవును, ఫుల్ డూప్లెక్స్ చేతనవును అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒకవైపు ఎవరో '100 ఫుల్' అని బిగించేశారనుకోండి. చాలా పరికరాల్లో అలా బిగిస్తే అది మాట్లాడటం మానేస్తుంది. ఇటువైపు ఆటోలో ఉన్న పరికరానికి సిగ్నల్ తీరు చూసి స్పీడు 100 అని తెలుస్తుంది, డూప్లెక్స్ తెలిసే దారి లేదు. తెలియనప్పుడు హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఒకవైపే పంపే పాత పద్ధతి) అనుకోవాలన్నది ప్రమాణం. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు, అయినా ఫలితం అధ్వాన్నం. ఫుల్ వైపు తీగ వినకుండా ఎప్పుడంటే అప్పుడు పంపుతుంది. హాఫ్ వైపు తాను పంపుతుండగా అవతలి నుంచి వస్తున్నది చూసి కొలిజన్ అనుకుని, ఫ్రేము మధ్యలో తెంపేసి జామ్ వదులుతుంది. అవతలి వైపుకు చేరేది తెగిన ఫ్రేము, అంటే సీఆర్‌సీ లోపం (ఫ్రేము చెడిందో లేదో తేల్చే లెక్క సరిపోకపోవడం).

మొదటి 64 బైట్లు దాటాక ఢీకొంటే అది లేట్ కొలిజన్. చాలా కార్డులు దాన్ని తమంతట తాము మళ్లీ పంపవు. ఆ భారం టీసీపీ (డేటా చేరకపోతే మళ్లీ పంపే సాఫ్ట్‌వేర్ పద్ధతి) మీద పడుతుంది. టీసీపీ టైమర్ లినక్స్‌లో కనీసం 200 మిల్లీసెకన్లు. 100 మెగాబిట్ల స్లాటు 5.12 మైక్రోసెకన్లతో పోల్చితే దాదాపు 39,000 రెట్లు. "కొలిజన్ వల్ల నెట్‌వర్క్ ఆగిపోతోంది" అని జనం అనేది చాలాసార్లు దీని గురించే. యూడీపీ మీద నడిచే కెమెరా వీడియో, ఫోన్ మాట అయితే మళ్లీ పంపడం అంటూ ఉండదు, బొమ్మ చెదిరిపోతుంది, మాట తెగిపోతుంది.

పైగా పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందా అని చూసే చిన్న పరీక్ష) చేసి చూస్తే అంతా బాగానే ఉంటుంది. విండోస్ పింగ్‌లో ఉండేది 32 బైట్ల సరుకు, సెకనుకు ఒకటి. అది వెళ్తున్నప్పుడు ఎదురుగా ఇంకోటి వచ్చే అవకాశం బహు తక్కువ. కాబట్టి "పింగ్ వస్తోంది సార్, నెట్‌వర్క్ పర్ఫెక్ట్" అన్న మాటను ఈ లోపం విషయంలో అసలు లెక్కలోకి తీసుకోకూడదు.

ఇప్పుడు స్విచ్ దగ్గరికి వద్దాం. బ్రౌజర్‌లో తెరిచి 'స్విచింగ్' కింద 'పోర్ట్ సెట్టింగ్' పేజీకి వెళ్తే ఐదు వరుసలు కనిపిస్తాయి. ప్రతి వరుసలో స్పీడు-డూప్లెక్స్ రెండు గడుల్లో ఉంటుంది: మనం పెట్టింది ఏమిటి, నిజంగా కుదిరింది ఏమిటి. ఉదాహరణకు ఒకటో పోర్టు సర్వర్: ఆటో, 1000 ఫుల్. రెండోది బిల్లింగ్ కంప్యూటర్: ఆటో, 1000 ఫుల్. మూడోది డీవీఆర్: ఆటో, 100 ఫుల్. నాలుగోది మీడియా కన్వర్టర్: ఆటో, 100 హాఫ్. ఈ నాలుగో వరుస కోసమే ఈ స్విచ్‌కు డబ్బు పెడుతున్నాం. చవక స్విచ్ మీద లైట్లు లింకు ఉందని చెబుతాయి, మహా అయితే స్పీడు చెబుతాయి. హాఫా ఫుల్లా చెప్పవు.

ఇక మందు. మొదట ప్రయత్నించాల్సింది మీడియా కన్వర్టర్ పక్కన ఉండే చిన్న మీటను (డిప్ స్విచ్) 'ఆటో'కు జరపడం. కంప్యూటర్ అయితే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబులో 'స్పీడ్ అండ్ డూప్లెక్స్'ను ఆటో నెగోషియేషన్‌కు మార్చాలి. అవతలి పరికరంలో ఆటో అన్నదే లేకపోతే, లేదా పెట్టె ఆపరేటర్‌ది అయ్యి మనల్ని ముట్టుకోనివ్వకపోతే, ఈ స్విచ్‌లోనే ఆ పోర్టును 100 ఫుల్‌కు బిగించొచ్చు. రెండువైపులా బిగిస్తే గొడవ లేదు, ఒకవైపే బిగించడంలోనే ఉంది. ఈ సౌకర్యం మామూలు స్విచ్‌లో ఉండదు. బిగించాక ఆ పోర్టు మీద స్టిక్కరు అంటించడం మర్చిపోవద్దు. రేపు ఎవరైనా అదే పోర్టులో మామూలు ల్యాప్‌టాప్ గుచ్చితే అది హాఫ్‌లోకి జారి, ఇదే కథ అటునుంచి మొదలవుతుంది.

స్పీడు బిగించి పెట్టడమే మంచిదన్న సలహా 90ల నాటిది. అప్పట్లో ఆటో నెగోషియేషన్ కొన్ని పరికరాల్లో సరిగ్గా పనిచేసేది కాదు. రాగి తీగ మీద గిగాబిట్‌కు ఆటో నెగోషియేషన్ తప్పనిసరి అయిపోయింది. అయినా ఇప్పటికీ "100 ఫుల్ పెట్టేస్తే స్టడీగా ఉంటుంది" అనే టెక్నీషియన్లు ఉన్నారు. ఈ జబ్బుకు సగం కారణం ఆ అలవాటే.

'మానిటరింగ్' కింద 'పోర్ట్ స్టాటిస్టిక్స్' పేజీలో పోర్టుకు నాలుగు అంకెలు ఉంటాయి: పంపిన మంచి ప్యాకెట్లు (అంటే ఫ్రేములే), పంపిన చెడ్డవి, అందిన మంచివి, అందిన చెడ్డవి. దీన్ని చదవడానికి ఒక క్రమం ఉంది. ముందు క్లియర్ నొక్కి సున్నాలు చేయాలి. రెండు కంప్యూటర్లలో నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రాం వేసి, ఒకదాన్ని సర్వర్‌గా నిలబెట్టి, రెండోదాని నుంచి నిమిషంపాటు డేటా తోయాలి. తర్వాత రివర్స్ ఆప్షన్‌తో అటునుంచి ఇటు. గిగాబిట్ లింకు బాగుంటే రెండు దిశల్లోనూ 940 మెగాబిట్ల దరిదాపుల్లో, 100 మెగాబిట్ల లింకు అయితే 94 దగ్గర రావాలి. డూప్లెక్స్ తేడా ఉంటే రెండు దిశల అంకెలకూ పొంతన ఉండదు, ఒక్కోసారి రెండూ నేలకే అంటుకుంటాయి. అప్పుడు రిఫ్రెష్ నొక్కి ఏ వరుసలో చెడ్డ ప్యాకెట్లు పెరిగాయో చూడాలి. పరీక్ష పింగ్‌తో కాకుండా బరువుతో, రెండు దిశల్లోనూ జరగాలన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఈ స్విచ్ పెద్ద లోటు కూడా ఇక్కడే ఉంది. 'చెడ్డవి' అని దిశకు ఒకే గడి. అది సీఆర్‌సీయా, తెగిన ఫ్రేమా, లేట్ కొలిజనా అన్నది విడదీసి చెప్పదు. పెద్ద మేనేజ్డ్ స్విచ్‌లలో వీటికి వేర్వేరు లెక్కలుంటాయి. ఈ పెట్టె ఏ పోర్టో చెబుతుంది, ఏ రోగమో చెప్పదు. దాన్ని రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని మనమే తేల్చుకోవాలి. చెడ్డవి పెరుగుతూ లింకు హాఫ్ అని ఉంటే డూప్లెక్స్ తేడాను అనుమానించాలి. చెడ్డవి పెరుగుతున్నా లింకు ఫుల్ అని ఉంటే అది కొలిజన్ కాదు, తీగ లోపమో కనెక్టర్ లోపమో అయ్యుండాలి. లేదా అవతలి పరికరం హాఫ్‌లో ఉండి మన పోర్టును మాత్రమే ఫుల్‌కు బిగించి ఉండాలి. లినక్స్ యంత్రం అయితే ఈథ్‌టూల్ అనే కమాండ్‌ను గణాంకాలు అడిగితే చాలా కార్డులు లేట్ కొలిజన్లను విడిగా చూపిస్తాయి. స్విచ్ దాచిపెట్టింది అక్కడ దొరుకుతుంది.

తీగ అనుమానం తేల్చడానికి 'కేబుల్ టెస్ట్' ఉంది. జతల్లో తెగింపు, షార్టు ఉంటే సుమారుగా ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెబుతుంది. పరీక్ష సమయంలో ఆ పోర్టు లింకు పడిపోవచ్చు కాబట్టి బిల్లింగ్ నడుస్తుండగా నొక్కవద్దు. అంకెను నమ్మాల్సింది దిక్కు తెలియడానికే: స్విచ్ దగ్గరా, గోడలోనా, అవతలి చివరా అన్నంత వరకు. ఇక్కడ తరచూ కనిపించే మాయ ఒకటి: ఎనిమిది తీగల కేబుల్‌ను రెండుగా చీల్చి, నాలుగు తీగలతో ఒక కంప్యూటర్‌కు, మిగతా నాలుగుతో ఇంకోదానికి కనెక్షన్ ఇవ్వడం. 100 మెగాబిట్లకు 1, 2, 3, 6 పిన్నులు చాలు కాబట్టి అప్పట్లో నడిచింది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అలాంటి తీగ మీద ఈ స్విచ్ 100కు దిగుతుంది లేదా అసలు లింకే రాదు. అది స్విచ్ తప్పు కాదు.

పాత హబ్బును పూర్తిగా తీసేయలేని చోట దాన్ని ఒక పోర్టుకు తగిలించొచ్చు. ఆ పోర్టు హాఫ్ అని చూపిస్తుంది, అది సరైనదే. కొలిజన్లు ఆ హబ్బు కిందే ఉండిపోతాయి, మిగతా నాలుగు పోర్టులకు అంటవు. 'హాఫ్ అంటే నెమ్మది కదా' అని ఆ పోర్టును ఫుల్‌కు బిగిస్తే మాత్రం ఉన్నది కూడా పోతుంది. హబ్బు ఎప్పటికీ హాఫే.

ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. ఫ్లో కంట్రోల్ వేసి ఉంచితే, ఫుల్ డూప్లెక్స్ పోర్టులో స్విచ్ 'కాస్త ఆగు' అని పాజ్ ఫ్రేము పంపుతుంది. హాఫ్ డూప్లెక్స్‌లో ఆ భాష లేదు కాబట్టి ఇలాంటి స్విచ్‌లు బ్యాక్ ప్రెషర్ వాడతాయి: బఫర్ (ప్యాకెట్లు కాసేపు ఆగే జాగా) నిండినప్పుడు కావాలనే తీగను అడ్డుకుని, కొలిజన్ అయినట్టు అనిపించి అవతలివాణ్ణి ఆపుతాయి. అంటే పాత యంత్రంలో కనిపించే కొలిజన్ల లెక్కలో కొంత స్విచ్ తెచ్చిపెట్టినదే కావచ్చు. ఆ అంకె చూసి కంగారుపడే ముందు ఫ్లో కంట్రోల్ ఆపి ఒకసారి చూడండి.

దీనితో బాగుపడనివీ ఉన్నాయి. మూడు గిగాబిట్ యంత్రాలు ఒకేసారి 100 మెగాబిట్ల పోర్టులోని పరికరానికి పంపితే ప్యాకెట్లు బఫర్‌లో క్యూ కడతాయి, నిండితే రాలిపోతాయి. వాడేవాడికి అచ్చం కొలిజన్ ఆలస్యంలాగే ఉంటుంది, కానీ కాదు. దానికి మందు ఆ లింకు స్పీడు పెంచడమే. అలాగే ఒకే వైరు రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చేస్తే అందరికీ పంపే ప్యాకెట్లు ఆగకుండా చుట్టూ తిరిగే బ్రాడ్‌కాస్ట్ తుపాను పుట్టి అన్ని లైట్లూ పిచ్చిగా కొట్టుకుంటాయి. లూప్ ప్రివెన్షన్ ఆన్ చేసి ఉంచితే ఆ పోర్టును ఆపుతుంది. ఇది మొదటి రోజే ఆన్ చేయాల్సిన సెట్టింగ్.

స్విచ్‌ను అమర్చుకోవడం కష్టం కాదు. రూటర్‌కు తగిలిస్తే కొత్త వెర్షన్లు డీహెచ్‌సీపీతో (రూటర్ చిరునామాలు పంచే పద్ధతి) ఐపీ చిరునామా తీసుకుంటాయి, రూటర్ క్లయింట్ల జాబితాలో వెతుక్కోవాలి. విడిగా పెడితే 192.168.0.1. కంప్యూటర్‌కు 192.168.0.10, మాస్క్ 255.255.255.0 ఇచ్చి బ్రౌజర్‌లో తెరవాలి. రూటర్ కూడా 192.168.0.1 మీదే ఉంటే ముందు స్విచ్‌ను ఒంటరిగా కంప్యూటర్‌కు కలిపి చిరునామా మార్చుకోండి. మార్పులు చేశాక 'సేవ్ కాన్ఫిగ్' ఉందేమో చూసి నొక్కాలి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగులు తిరిగి రావచ్చు. మన కరెంటు సంగతి తెలిసిందే.

భద్రత బలహీనం. నిర్వహణ పేజీ మామూలు హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది, పాస్‌వర్డ్ తీగ మీద తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది. అతిథుల వైఫై, నమ్మకం లేని యంత్రాలు ఉన్న చోట దీన్ని వీలాన్ల (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్కులుగా విడదీసే ఏర్పాటు) కాపలాదారుగా పెట్టొద్దు. ఎస్ఎన్ఎంపీ (పరికరాల స్థితిని దూరం నుంచి గమనించే పద్ధతి) లేదు కాబట్టి చెడ్డ ప్యాకెట్లు పెరిగినప్పుడు తనంతట తాను కబురు పెట్టదు, మనమే వెళ్లి చూడాలి. పవర్ ఓవర్ ఈథర్నెట్ లేదు, కెమెరాలకు కరెంటు కూడా ఇదే ఇస్తుందనుకుని కొనకండి.

పది ఇరవై కంప్యూటర్ల ల్యాబుకు ఇది చిన్నది. అదే కుటుంబంలో ఎనిమిది పోర్టుల టీఎల్-ఎస్‌జీ108ఈ ఉంది, పేజీలు ఇవే. ఆఫీసులో ఇప్పటికే మంచి స్విచ్ ఉన్నవాళ్లు కూడా ఇలాంటిదొకటి సంచిలో ఉంచుకోవచ్చు: అనుమానం ఉన్న యంత్రానికీ గోడకూ మధ్య పెట్టి, పది నిమిషాలు బరువు తోసి, రెండు పేజీలు చూసి తీసేయొచ్చు. అన్ని వరుసల్లోనూ ఫుల్ అని ఉండి, బరువు మీద కూడా చెడ్డ ప్యాకెట్ల గడుల్లో సున్నా కదలకపోతే తీగలను వదిలేసి, సర్వర్ హార్డ్ డిస్కు వైపు చూడండి.